అడ్మిషన్ రిజిస్టరులో ఆరో గడి

రాజ్యాంగంలోని మూడువందల యాభై–ఎ అధికరణాన్ని నేను మొదటిసారి చదివింది బడి అరుగు మీద. వాన పడుతోంది. లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. భాషాపరంగా అల్పసంఖ్యాక వర్గాలకు చెందిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య నేర్పడానికి తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెను అని ఉంది. పరీక్షలో రాదగిన వాక్యాల కింద గీసే గీత దాని కిందా గీశాను. ఆ తరువాత పక్కనున్న సంవత్సరం చూశాను. ఏడవ సవరణ, 1956.

నేను బడిలో చేరింది అది వచ్చిన మూడేళ్ళకు.

ఆ చిన్న తీసివేత చేసుకున్నప్పుడు పుట్టిన కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు.

డెబ్భైల చివరి సంవత్సరాలవి. అరకు లోయకు పైనున్న ఒక కొండ ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తూ ప్రైవేటుగా బి.ఏ. చదువుతున్నాను. మా వంశంలో బడి గడప తొక్కినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మిగిలిన పేపర్లన్నీ గట్టెక్కాయి. భారత రాజ్యాంగం పేపరు ఒక్కటే ఉంది. అది దాటితే పట్టభద్రుణ్ణి. మా ఇళ్ళలో మాట్లాడేది కొండల ఒరియా. సంతలో వేర్వేరు తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునేదీ అదే. తెలుగు మాకు ఆఫీసు భాష, ఠాణా భాష, బడి భాష.

నన్ను బడిలో వేసిన రోజున మేష్టారు పేరు అడిగారు. మా కొండల్లో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారమే పేరు. నేను చెప్పింది విని, "ఇదేం పేరురా, మనిషివా కేలండరువా?" అని నవ్వి, ఒక దేవుడి పేరు రాసుకున్నారు. ఆ పేరు మీదే ఈనాడు పింఛను అందుకుంటున్నాను. ఆ మధ్యాహ్నం దాహమేసి "పాని" అన్నాను. నీళ్ళు తెలుగులో అడిగితే గానీ కుండ ముట్టుకోవద్దన్నారు. తెలుగులో ఎలా అడగాలో మాత్రం చెప్పలేదు. సాయంత్రం దాకా కుండ పక్కనే నిలబడ్డాను. చదువు కోసం ఎంత ఓర్చుకున్నానో తెలియాలని ఈ సంగతి చాలా ఏళ్ళు నలుగురికీ నవ్వుతూ చెప్పుకున్నాను. పుస్తకంలో ఆ గీత గీసిన రోజు నుంచి నవ్వడం మానేశాను. నేను కుండ పక్కన నిలబడ్డనాడు రాజ్యాంగం నా పక్షానే ఉంది. ఆ సంగతి నాకు తెలియదు, మా మేష్టారికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరూ కొండ ఎక్కలేదు.

పుస్తకం నాది కాదు. మూడు మైళ్ళ అవతలి ఊళ్ళో పనిచేసే ఇంకో మేష్టారిది. ఆయనది శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. ఇద్దరం ఒకే పరీక్షకు కట్టాం. ఆదివారం పూట ఆయన గదిలో కూర్చుని ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్ళం. నేను ఆ వాక్యం చూపించి, ఇన్నాళ్ళూ ఇది ఏమైపోయిందని అడిగాను.

"ఏటైపోద్ది? ఇదిగో, పుస్తకంలోనే ఉంది," అన్నాడాయన. "అయినా దానికి ముందు ముప్పయ్యోది సూడు గురువా. అల్పసంఖ్యాకులు తమ బడులు తామే పెట్టుకోవచ్చట. నువ్వో కాలేజీ ఎట్టీ. నన్ను ప్రిన్సిపాలుగా ఏసుకో."

"మా పిల్లలకు పలకలే లేవండీ."

"పలకల గురించి రాజ్యాంగంలో ఏటీ లేదు. నాను ఎతికాను." ఆ మాటకు నేను నవ్వకపోయేసరికి ఆయన గొంతు తగ్గించాడు. "అంత కోపం ఏటికి? పది మార్కుల ప్రశ్న. ఇరవైతొమ్మిది, ముప్పై, మూడొందల యాభై, దాని ఎ, దాని బి. వరసగా రాసీ. బేగి తేలిపోద్ది."

ఆయనకు అది పది మార్కుల ప్రశ్న. నాకు ఆ ఏడు అది మా అక్క కూతురు.

నేను పనిచేసే ఊరు మా అక్కను ఇచ్చిన ఊరే. ఆమె కూతురు నా దగ్గరే రెండో తరగతి. ఇంటి దగ్గర ఆ పిల్ల నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. మేకలతో వాదించేది, కోళ్ళను వరసపెట్టి తిట్టేది. బడి గడప దాటగానే మాత్రం వెనక గోడకు వీపు ఆన్చి, సాయంత్రం దాకా పెదవి విప్పేది కాదు. మా బడి రెండో తరగతి వరకే. అది దాటితే కింద బాలికల ఆశ్రమ పాఠశాలలో చేర్చుకుంటారు. అన్నం, బట్ట, పుస్తకాలు అన్నీ అక్కడే. కానీ మాఘమాసంలో తనిఖీకి వచ్చే అధికారి పిల్లను స్వయంగా పరీక్షించి "పై తరగతికి తగును" అని రాయాలి. రెండుసార్లు "తగదు" అని రాశారు. రెండో తరగతిలోనే ఇది మూడో ఏడు. అక్క తేల్చి చెప్పేసింది.

"ఒరే తమ్ముడా, ఈ ఏడు చూస్తాను. ఈసారి కూడా కిందికి పోకపోతే మేకల వెంట పంపించేస్తాను. నీ గోడకు ఆనుకుని మూగదైపోవడం కంటే కొండమీద కేకలు పెట్టుకోవడం మేలు."

వానలు వెనకపట్టాక లెక్కలు మా భాషలో చెప్పడం మొదలుపెట్టాను. నోరు విప్పేముందు గుమ్మంలోకి వచ్చి, దారి మీద ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకునేవాణ్ణి. ఇవ్వమని రాజ్యాంగం చెప్పినదాన్ని దొంగసొత్తులా చాటున పంచాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

మా ఇళ్ళలో లెక్క పదుల మీద నడవదు, ఇరవైల మీద నడుస్తుంది. మనిషికి వేళ్ళు చేతులకే ఉన్నాయా, కాళ్ళకు లేవా అనేవారు మా పెద్దలు. నలభైమూడు అంటే రెండు ఇరవైలు, మీద మూడు. చింతపిక్కలు పోసి ఆ పద్ధతిలో కూడికలు అడిగాను. అందరికంటే ముందు లేచింది మా అక్క కూతురే. పిక్కలు చకచకా కుప్పలు చేసి, జవాబు చెప్పి, నావైపు అనుమానంగా చూసింది.

"మామా, ఇన్నాళ్ళూ నువ్వు అడుగుతున్నది ఇదేనా?"

ఇదే అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేకపోయాను. రెండున్నరేళ్ళుగా రోజూ అడుగుతున్నది అదే మరి.

మాఘంలో అధికారి వచ్చారు. వెనక జవాను, జవాను భుజాన కాఫీ ఫ్లాస్కు. మా అక్క కూతురి వంతు వచ్చేసరికి ఆమె ముందున్న పిక్కల్ని చూసి, "పాపా, నలభైమూడు పేర్చి చూపించు," అన్నారు. ఆ మాత్రం తెలుగు ఆమెకు అప్పటికి వచ్చు. ఇరవై ఒక కుప్ప, ఇరవై ఇంకో కుప్ప, పక్కన మూడు పిక్కలు. ఆయన కళ్ళజోడు సర్దుకునేలోగా పని అయిపోయింది.

"పదుల కుప్పలేవి?"

ఆమె నావైపు చూసింది. పదేసి చొప్పున పేర్చమంటున్నారని మా భాషలో చెప్పాను. అధికారి ఆమెను వదిలి నావైపు తిరిగారు.

"మీరిప్పుడు ఏ భాషలో చెప్పారు?"

"మా భాషలోనండి. ఒరియా."

"ఇది తెలుగు బడి. మీరు తెలుగు ఉపాధ్యాయులు. పిల్లకు రాకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది."

"ఆమె లెక్క తప్పలేదండి. రెండు ఇరవైలు, మూడు. ఎంచి చూడండి, నలభైమూడే."

"మనం సంతలో లేము కదా మేష్టారూ," అన్నారాయన, ఎంతో మర్యాదగా. తరువాత వాచకం తెరిచి చదవమన్నారు. ఆ పిల్ల కళ్ళు దించుకుంది. మళ్ళీ ఎత్తలేదు. ఆయన తన పుస్తకంలో "తగదు" అని రాసుకుని, ఫ్లాస్కు మూత తీయించుకున్నారు. ఆమె కిందనున్న పిక్కల్ని ఒడిలోకి ఎత్తుకుని తన గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను చదువుకున్నవాణ్ణి. చదువుకున్నవాడు చేయదగిన పనే చేశాను. అర్జీ రాశాను. తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ మాతృభాషలో చదువు కోరితే ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న నియమం ఆ పుస్తకంలోనే ఉంది. మా రెండు తరగతుల్లోనూ పదికి మించే ఉన్నారు. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుణ్ణి నేనే ఉన్నాను. కొత్త మనిషి అక్కరలేదు, అనుమతి చాలునని రాశాను. బాలికను లెక్కల్లో ఆమె భాషలోనే తిరిగి పరీక్షించమని ప్రార్థించాను. ప్రభుత్వానికి అర్జీ దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చని మూడువందల యాభయ్యో అధికరణం చెబుతుంది. నేను తెలుగులోనే రాశాను. నా మాతృభాషను రాయడం నాకు ఎవరూ నేర్పలేదు కనుక.

పిల్లల సంఖ్యకు రుజువుగా అడ్మిషన్ రిజిస్టరును గుడ్డలో చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. అధికారి నన్ను కూర్చోమన్నారు. అర్జీ మొత్తం శ్రద్ధగా చదివారు. ఆయన దురుసు మనిషి కారు. దురుసు మనిషయితే నా కోపానికి ఎక్కడో ఒకచోట ఆసరా దొరికేది.

"చాలా బాగా చదివారు," అన్నారు. "పరీక్షకు ఇది మంచి సమాధానం. రిజిస్టరు తెచ్చారా?"

ఇచ్చాను. ఆయన సంఖ్య చూడలేదు. ఆరో గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చారు. ఆ గడి తలకట్టు, మాతృభాష.

"తెలుగు. తెలుగు. తెలుగు. తెలుగు." పేజీ తిప్పారు. "తెలుగు. తెలుగు. ఇందులో అల్పసంఖ్యాకులు ఎవరండీ?"

నేను వంగి ఆ గడి చూశాను.

"ఈ దస్తూరీ ఎవరిది?"

"నాదేనండి."

"ముత్తేల్లాగున్నాయండి అచ్చరాలు," అన్నాడు వెనకనుంచి జవాను. వాడి మాటలో వెటకారం లేదు.

ఏడేళ్ళ పాటు అలా రాసింది నేనే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆదేశించలేదు. మా మేష్టారు నాకు అలాగే రాశారు కనుక రాశాను. అదొక్కటే అయితే అలవాటని సరిపెట్టుకుందును. మా అక్క కూతురిని చేర్చుకున్న రోజు నాకు బాగా జ్ఞాపకం. అక్క ఒక గుమ్మడికాయ తెచ్చి అరుగు మీద పెట్టి, నేను రాస్తుంటే నిలబడి చూసింది. పిల్ల వారం పేరు బాగుండదని నేనే ఒక దేవత పేరు వెతికి మూడో గడిలో రాశాను. ఆరో గడిలో "తెలుగు" అని రాసి, సిరా ఆరేదాకా ఊది, తలెత్తి, "ఇక నీ కూతురు కొండపిల్ల కాదే అక్కా," అన్నాను. పండక్కి కొత్త గౌను పెట్టినంత సంబరంగా అన్నాను. అక్క ఏమీ అర్థంకాకపోయినా నవ్వింది. మామీద పెత్తనం చేసినవాళ్ళు మా భాషను కాగితం మీద లేకుండా చేయడానికి కష్టపడనక్కరలేకపోయింది. నెలకు జీతమిచ్చి ఆ పని నాచేత చేయించుకున్నారు.

ఊరికి తిరిగొచ్చి విషయం చెప్పాను. అక్క తిట్టలేదు. మర్నాడు మేకలను తోలుకుని ముందు తను, వెనక కూతురు, బడి ముందునుంచే వెళ్ళారు. నెల చివర నేను రిజిస్టరు తీసి ఆ పిల్ల వరస కొట్టివేసి, "బడి మానినది" అని రాశాను. అదీ ముత్యాల్లాంటి అక్షరాలతోనే.

చైత్రంలో పరీక్షకు కిరండోలు పాసింజరులో విశాఖపట్నం దిగాను. సొరంగాల్లో పుస్తకం కనిపించేది కాదు. అక్కడ అధికరణాలు మనసులో అప్పజెప్పుకున్నాను. ప్రశ్న వచ్చింది. అల్పసంఖ్యాక వర్గాలకు రాజ్యాంగము కల్పించిన రక్షణలను వివరింపుము. నా పక్క బల్ల మీద ఎవరో నిట్టూర్చారు. నేను ఒక్క క్షణం ఆగకుండా రాశాను. ఇరవైతొమ్మిది, ముప్పై, మూడువందల యాభై, ఎ, బి. తరగతిలో పదిమంది, బడిలో నలభైమంది. కలం గట్టిగా నొక్కడంతో రెండుచోట్ల కాగితం చిరిగింది. చివర ఇంకొక్క వాక్యం రాయాలనిపించింది: ఈ రక్షణలు నాకు తెలిసిన ఒక్క పిల్లకూ అందలేదు. రాయలేదు. మార్కులు పోతాయని భయపడ్డాను. ఆ ఒక్క వాక్యం మింగినందుకు నేను ఇంకా సిగ్గుపడుతూనే ఉన్నాను.

తిరిగి కొండెక్కేసరికి ఊళ్ళో ఇటుకల పండుగ నడుస్తోంది. ఆ రోజుల్లో మగవాళ్ళందరూ వేటకు పోతారు. జంతువును మోసుకొచ్చినవాడికి పాటలతో ఎదురువస్తారు. ఉత్త చేతులతో వచ్చినవాడికి ఊరి మొగలో ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్వాగతం చెబుతారు. నేను చేతిసంచీతో, ఇస్త్రీ చొక్కాతో వాళ్ళ మధ్యకు నడిచాను.

"ఏం కొట్టుకొచ్చావు మేష్టరా?" అని దారికి అడ్డంగా నిలబడింది ఒక ముసలామె.

"పరీక్ష రాసొచ్చానమ్మా."

"ఓసోస్! దాని తల ఏది? తోక ఏది?"

"మాంసం ఇంటికి ఎంత పంచుతావు?" అంది ఇంకొకామె.

"సంచీలో దాచాడేమో, చూడండే. కొమ్ములు పొడుచుకొస్తున్నాయి!"

అందరూ విరగబడి నవ్వుతున్నారు. అక్క గుంపులోంచి కడవతో వచ్చింది. ఆమె మాత్రం నవ్వడం లేదు. కడవ మొత్తం నా నెత్తిమీద కుమ్మరించింది.

"పోయినవాడు ఏదో ఒకటి తేవాలి తమ్ముడా," అంది. "కుందేలునైనా తేవాలి."

ఆ తడిబట్టలతోనే, పేడ వాసనతోనే బడికి వెళ్ళి తాళం తీశాను. అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డని, పై అధికారి అనుమతి లేకుండా అందులో అక్షరం మార్చకూడదని నాకు తెలుసు. ఎర్ర సిరా సీసా తెరిచి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. "తెలుగు" కొట్టివేసి, పైన "ఒరియా" అని రాసి, పక్కన సంతకం, తేదీ. ఏడేళ్ళలో చేరిన పిల్లలందరూ. కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు, ఇద్దరు చనిపోయారు. ఎవరినీ వదలలేదు. నీళ్ళు కారి రెండు మూడు పేజీల మీద మరకలు పడ్డాయి. మా అక్క కూతురి వరస అప్పటికే కొట్టివేసి ఉంది. ఆ కొట్టివేతలోనే ఆరో గడిని మళ్ళీ కొట్టివేసి, పైన ఒరియా అని రాశాను. ఆ రిజిస్టరును నేనే పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

మూడు వారాలకు మెమో వచ్చింది. శాశ్వత రికార్డును అనుమతి లేకుండా ఏల దిద్దితివి? పాఠశాల ఆస్తికి మరకలు ఏల అంటినవి? ఆఖరిది ప్రత్యేకంగా అడిగారు: బడి మానిన బాలిక విషయమై దిద్దుబాటు చేయవలసిన అవసరమేమి? వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి.

నాలుగు పేజీల సంజాయిషీ రాశాను. పరీక్షలో రాసిన సమాధానమే, అదే వరసలో. కాకపోతే ఈసారి ఆ ఆఖరి వాక్యం మింగలేదు. పంపేముందు అక్క ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె, కూతురు గుమ్మం ముందు కూర్చుని చింతపండులోంచి పిక్కలు తీస్తున్నారు. నేను ఒక్కో వాక్యం చదివి మా భాషలో చెప్పాను. అక్క పని ఆపకుండా వింది.

"ఇందులో నా కూతురు ఉందా?"

"ఉంది. చివరి పేజీ అంతా తనే."

"చదువు."

చదివాను. పూర్తి పేరుతో, తండ్రి పేరుతో, అడ్మిషన్ నంబరుతో మొదలవుతుంది ఆ పేజీ. ఆ పేరు గట్టిగా చదివినప్పుడు మూరెడు దూరంలో కూర్చున్న ఆ పిల్ల తల ఎత్తలేదు.

అక్క నావైపు చూసింది. "అదెవరు?" అంది.

ఎర్ర సిరాతో ఊరినంతా దిద్దినవాణ్ణి, మూడో గడి జోలికి వెళ్ళలేదు. నా దేవత పేరు అక్కడ అలాగే ఉంది. హాజరు ముఖాలు చూసి వేసుకునేవాణ్ణి, ఆ పేరుతో ఆ పిల్లను నేనూ ఎన్నడూ పిలవలేదు. ఆ చివరి పేజీ అక్కడే చించేశాను. మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఆ పిల్లను తల్లి పిలిచే వారం పేరుతో మళ్ళీ మొదలుపెట్టి రాశాను. రిజిస్టరులో ఉన్న పేరు నేను నా ఇష్టప్రకారం పెట్టినదని, అది కూడా తప్పేనని రాశాను. అక్క చదివించుకుని, తల ఊపి, పిక్కల్లోకి చేయి పెట్టింది.

"సంజాయిషీ సంతృప్తికరముగా లేదు" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. ఆ నెలలోనే మార్కుల జాబితా వచ్చింది. రాజ్యాంగం పేపరులో, అధికారి జోస్యం చెప్పినట్టే, మంచి మార్కులు. అవతలి ఊరి మేష్టారు మిఠాయి పొట్లంతో మూడు మైళ్ళు నడిచి వచ్చాడు. ఆయనకు కోపం తెప్పించడం ఇష్టంలేక ఒక ముక్క తిన్నాను.

ఆ పిల్ల కిందికి పోలేదు. ఆమె మేకలు మేపే వాలు మా బడికి ఎదురుగానే. సాయంత్రం మందను మళ్ళించేటప్పుడు ఆమె మేకలను లెక్కపెడుతూ వేసే కేకలు అరుగు మీదికి వినిపించేవి. ఒక ఇరవై, రెండు ఇరవైలు, మీద ఏడు. నేను లోపల పిల్లలకు ఎక్కాలు ఆపించి వినేవాణ్ణి. ఆ పిల్ల లెక్క ఒక్కనాడూ తప్పలేదు.